నాలుగో గాటు

చేతులు చూడటం నిస్సీ ఉద్యోగం.

పొద్దున ఆరింటికి రొయ్యల కంపెనీ బస్సులు హైవే దిగి గేట్లోకి వచ్చేసరికి ఆమె తెల్లకోటు వేసుకుని, పీలింగ్ హాలు గుమ్మంలో రిజిస్టరు తెరుచుకుని నిలబడాలి. రెండు వందల పైచిలుకు ఆడవాళ్ళు వరసగా వచ్చి చేతులు చాపుతారు. ముందు అరచేతులు, తర్వాత తిప్పి గోళ్ళు, ఆ తర్వాత ఎడంగా పెట్టిన వేళ్ళ సందులు. గాజులుండకూడదు, ఉంగరాలుండకూడదు, ఆఖరికి ఆషాఢంలో కూడా గోరింటాకు ఉండకూడదు. తెగిన చోటు గానీ, పుండు గానీ, ఎర్రగా పొంగిన చోటు గానీ కనిపిస్తే ఆ మనిషిని ఇంటికి పంపెయ్యాలి. పంపితే ఆ రోజు కూలి లేదు. నెలలో మూడుసార్లు పంపితే పేరే లేదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు దెబ్బ తగిలితే ఏడవరు, ముందు దాస్తారు.

దాచినా నిస్సీకి ఇట్టే తెలిసిపోతుంది. దెబ్బ ఉన్న మనిషి చేతుల వంక చూడదు. చూసేవాళ్ళ మొహం వంక చూస్తుంది.

మార్చి నెలలో ఒక పొద్దున మౌనిక కూడా అలాగే చూసింది. కుడి అరచేతిలో, నడిమి వేలి మొదట్లో, కందిగింజంత ఎరుపు. ముందురోజు రొయ్య కొమ్ము గుచ్చుకుంది. "ఏం కాదే, గ్లవ్వు వేసుకుంటాగా" అంది. వెనకాల సూపర్‌వైజరు ప్రసాదరావు నిలబడి ఉన్నాడు. కంటెయినరు సాయంత్రానికి వైజాగ్ బయల్దేరాలి, ఇవాళ ఒక్కర్ని కూడా వెనక్కి పంపొద్దు తల్లీ అని అంతకు పది నిమిషాల ముందే చెప్పి ఉన్నాడు. నిస్సీ మౌనిక పేరుకెదురుగా 'ఓకే' అని రాసింది. నాలుగో రోజుకి ఆ చెయ్యి మోచేతి దాకా వాచి, వేళ్ళు నల్లబడ్డాయి. ఏలూరు ఆస్పత్రిలో నాలుగు వేళ్ళూ తీసేశారు. కుడిచేతికి బొటనవేలొక్కటి మిగిలింది.

ఇప్పుడు జూన్. శుక్రవారం పొద్దున చేతులు చూడటం అయ్యాక ప్రసాదరావు నిస్సీని తన గదిలోకి పిలిచాడు.

"కూర్చోమ్మా" అన్నాడు. ఆయన ఎవర్నీ గద్దించడు. పనివాళ్ళని కూడా అమ్మా, తల్లీ అనే పిలుస్తాడు. "సోమవారం లేబరాఫీసు వాళ్ళొస్తున్నారు. మౌనిక వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు కదా. పెద్ద విషయమేం కాదు. నువ్వు రిజిస్టర్లో రాసిందే దీన్లో కూడా ఉంది. ఒకసారి చదువుకుని సంతకం పెట్టెయ్యి."

టైపు చేసిన కాగితం. మార్చి పన్నెండవ తేదీ ఉదయం సదరు మౌనిక చేతులు పరీక్షించితిని, ఎట్టి గాయమూ లేదు, తదుపరి గాయము కంపెనీ వెలుపల తగిలినదై ఉండును అని ఉంది. దాని అర్థం నిస్సీకి తెలియనిది కాదు. ఈ కాగితం నిలబడితే మౌనికకి నష్టపరిహారం రాదు. కూర్చుని లేబుళ్ళు అంటించే పని ఇస్తామని ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి కంపెనీ వాళ్ళు చెప్పిన మాట కూడా ఉండదు.

"ఆ రోజు ఎవర్నీ పంపొద్దన్నారు కదండీ మీరు" అంది నిస్సీ.

"అన్నానా అమ్మా?" నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు ప్రసాదరావు. "అన్నానే అనుకో. నేనన్నట్టు ఎక్కడన్నా రాసుందా? ఓకే అని రాసిన చెయ్యి ఎవరిది? దెబ్బ చూసి కూడా లోపలికి పంపింది అంటే ముందు ఎవరి ఉద్యోగం పోద్ది? నేను నీ మంచికే చెప్తున్నా. మీ నాన్నగారికి ఎలా ఉంది ఇప్పుడు?"

నాన్న వరదానం పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. ఇంట్లో జీతమంటే నిస్సీదే. ఆ సంగతి తెలిసే అడిగాడని ఆమెకి తెలుసు. ప్రసాదరావు పెన్ను మూత తీసి, మూత పెన్ను వెనక పెట్టి మరీ ఇచ్చాడు. నిస్సీ సంతకం పెట్టింది. పెడుతున్నప్పుడు తన చేతి వంక చూసుకుంది, అలవాటు కొద్దీ. ఎక్కడా ఒక్క గీత కూడా లేదు.

బయటికొచ్చాక కుళాయి కింద చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

శనివారం మధ్యాహ్నం క్యాంటీన్లో క్యారేజీ విప్పుతూ హెప్సిబా వచ్చి పక్కన కూలబడింది. హెప్సిబాది పీలింగ్ హాల్లో మౌనిక పక్క బల్లే. ఆ ఇద్దరూ, నిస్సీ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. కంపెనీలో ఎవర్ని అడిగినా ముగ్గురి పేర్లూ కలిపే చెప్తారు.

"రేపు మధ్యాహ్నం ఖాళీ పెట్టుకోవే" అంది హెప్సిబా. "మౌనిక ఫోన్ చేసింది. జపాన్ హోటల్‌కి పోదాం అంటోంది. ముగ్గురం."

నిస్సీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

జపాన్ హోటల్ ముచ్చట రెండేళ్ళ నాటిది. వీళ్ళ హాల్లో చేసే రొయ్య జపాన్‌కి పోయే రొయ్య. తల తీసి, తోక మాత్రం ఉంచి పెంకు ఒలిచి, పొట్ట వైపు నాలుగు గాట్లు పెట్టి, వేళ్ళతో అదిమి, స్కేలు గీతల దాకా సాగదీసి ట్రేలో పేర్చాలి. గాటు లోతైతే రొయ్య తెగుద్ది. తక్కువైతే వేయించినప్పుడు ముడుచుకుంటుంది. ఐసు నీళ్ళలో వేళ్ళు కొయ్యబారిపోతుంటే, ఇంత కష్టపడి సాగదీసిన దాన్ని ఆ జపానోళ్ళు ఏం చేసుకు తింటారో ఒక్కసారి చూడాలే అని మౌనిక అంటుండేది. ఆర్నెల్ల క్రితం వట్లూరులో కాలేజీ ఎదురుగా నిజంగానే జపాన్ హోటల్ తెరిచారు. ప్లేటు అరవై రూపాయలే అనేసరికి ముగ్గురూ ఎగిరి గంతేశారు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటుండగానే మార్చి వచ్చింది.

"నేను రాలేనే. నాన్నని ఎవరు చూస్తారు?" అంది నిస్సీ.

"పూటేగా. మీ అమ్మ లేదా ఏంటి?" హెప్సిబా గొంతు తగ్గించింది. "రావాలే నువ్వు. ఆస్పత్రి నించి వచ్చాక అది నలుగుర్లో ముద్ద ముట్టట్లేదంట. మొన్న వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళిలో బంతిలో కూర్చుందంట. ఎదర విస్తరి వేశారు. ఇది ఎడం చెయ్యి ఇలా పెట్టిందో లేదో, ఎవరో ముసలావిడ, ఎడం చేత్తో అన్నమా తల్లీ, అపచారం కాదూ అందంట. లేచి వచ్చేసింది. అప్పట్నించి ఇంట్లో కూడా తలుపేసుకుని తింటుందని వాళ్ళమ్మ కామేశ్వరి పిన్ని ఏడుస్తూ చెప్పింది నాతో. అలాంటిది, దానంతటది పిలిచి తిందాం రమ్మంటే మనం పోకపోతే ఎలా?"

నిస్సీ తలూపింది. మిగతా అన్నం కుక్కకి వేసేసింది.

ఆదివారం చర్చిలో ప్రభు సంస్కారం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు. వరసలో ముందున్నవాళ్ళంతా లేచి బలిపీఠం దగ్గరికి పోయి మోకాళ్ళూనారు. నిస్సీ లేవలేదు. ఒంట్లో బాలేదా అని అమ్మ చెవిలో అడిగింది. బానే ఉందమ్మా అంది. పాస్టరయ్యగారు రొట్టె విరుస్తూ చదువుతున్న, ప్రభువుని సొంత మనిషే పట్టిచ్చిన రాత్రి మాటలు చిన్నప్పట్నించీ విన్నవే. ఆ రోజు మాత్రం ఒక్కొక్క మాటా తనని వేలెత్తి చూపించి చెప్తున్నట్టే ఉంది. మౌనికకి చెప్పెయ్యాలి, చెప్పి కాళ్ళ మీద పడాలి అనుకుంది. సోమవారం ఇంకా రాలేదు. లేబరాఫీసు వాళ్ళ ముందు ఆ కాగితం అబద్ధమని చెప్పడానికి ఇంకా ఒక రోజుంది. అంత ధైర్యం తనకుందా లేదా అన్నదే తేలలేదు. పాత బస్టాండు దగ్గర షేరాటో ఎక్కేదాకా అదే లెక్క, దిగేదాకా అదే లెక్క.

హోటల్ జిరాక్స్ షాపు పక్కనే ఉంది. చిన్న గది, ఆరు బల్లలు. క్రిస్మస్‌కి కట్టే ఎర్ర కాగితం లాంతర్లే పైన వేలాడుతున్నాయి. గోడ మీద మంచు కొండ బొమ్మ. నడిపే గంగరాజుది నల్లజర్ల. మద్రాసులో కార్ల కంపెనీ జపాన్ వాళ్ళు తినే హోటల్లో ఎనిమిదేళ్ళు వంట చేసి, ఆ వంటే ఇక్కడ కాలేజీ పిల్లలకి అందే ధరకి పెడదామని వచ్చాడు. కౌంటరు మీద ఆవకాయ జాడీ కూడా ఉంది. అది లేకపోతే జనం రారండీ అని ఆయనే చెప్తాడు.

మౌనిక అప్పటికే వచ్చి మూల బల్ల దగ్గర కూర్చుని ఉంది. కైకలూరు దాకా నాన్న సైకిలు మీద, అక్కణ్ణించి బస్సులో వచ్చింది. మామిడిపండు రంగు చుడీదారు, జడలో కనకాంబరాలు. కుడి చెయ్యి చున్నీ కింద ఉంది. నిస్సీని చూసి నవ్వింది.

"ఏంటే, ఇంత చిక్కిపోయావు? నా రోగం నీకొచ్చిందా?"

నిస్సీ నవ్వబోయింది, రాలేదు. మౌనిక భుజం ఒక్కసారి పట్టుకుని, పక్కన కూర్చోకుండా ఎదురుగా పోయి కూర్చుంది. హెప్సిబా గోడ మీద కాగితం చదవడం మొదలుపెట్టింది. "మూడు ప్లేట్లెందుకే, దండగ. రెండు అన్నం, రెండు రొయ్యలు చెప్దాం. పంచుకుందాం."

"ఫోర్కులు తెమ్మంటారా అమ్మా?" అన్నాడు గంగరాజు.

"వద్దండీ. పుల్లలే ఇవ్వండి. ముగ్గురికీ" అంది మౌనిక.

పింగాణీ గిన్నెల్లో జిగురన్నం, నల్లటి చారేదో, పొడుగ్గా పెన్సిళ్ళలా వేగిన రొయ్యలు వచ్చాయి. తెల్లటి పిండి పూత మీద తోకలు మాత్రం ఎర్రగా బయటికి కనిపిస్తున్నాయి. హెప్సిబా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఓసి దీని తస్సదియ్యా, ఇది మన బజ్జీయేగదే. దీనికా మనం గీతలు కొలిచి కొలిచి చచ్చింది?"

ముగ్గురికీ నవ్వొచ్చింది. నిస్సీకి కూడా.

హెప్సిబా రెండు పుల్లలూ గుప్పిట్లో పట్టుకుని రొయ్యని పొడిచింది. జారిపోయింది. నిస్సీ వేళ్ళ మధ్య ఇరికించుకుంటే ఒక పుల్ల కిందపడింది. పక్క బల్ల దగ్గర ఇంజనీరింగ్ కుర్రాళ్ళు నలుగురూ అదే అవస్థలో ఉన్నారు. ఒకడు అన్నం చొక్కా మీద పోసుకుని చుట్టూ చూస్తున్నాడు. అప్పుడు మౌనిక ఎడం చెయ్యి బల్ల మీదికొచ్చింది. పుల్లలు రెండూ తీసుకుంది, ఒకటి బొటనవేలి సందున ఆనించింది, రెండోది పైన పట్టింది. నిదానంగా రొయ్యని ఎత్తి చారులో ముంచి నోట్లో పెట్టుకుంది. తర్వాత అన్నం. ఒక్క మెతుకు రాలలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావే?" అంది హెప్సిబా నోరు తెరిచి.

"ఇంట్లో. చీపురు పుల్లలతో." మౌనిక చెంపలు ఎర్రబడ్డాయి. "చేటలో చింతపిక్కలు పోసుకుని ఒక్కొక్కటే గిన్నెలో వెయ్యడం. నెల పట్టింది. పిచ్చి పట్టిందేమోనని మా అమ్మ దిష్టి కూడా తీసింది. ఇక్కడైతే ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టరు కదే. ఏ చేత్తో తిన్నా ఎవరికీ పట్టదు. మీతో కలిసి ఒక్కసారి కూర్చుని తినాలని."

అని మళ్ళీ ఇంకో ముద్ద పుల్లలతో ఎత్తింది. మూడు నెలల తర్వాత మౌనిక నలుగుర్లో కూర్చుని అన్నం తింటోంది. ఆ సంతోషం చూస్తుంటే నిస్సీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇప్పుడు చెప్పకూడదు, ఇది తినడం అయ్యాక చెప్తాను అనుకుంది. చారు తాగి గుటక వేసింది.

హెప్సిబా పొడిచిన రొయ్య మీద పిండి పెచ్చు ఊడి పక్కన పడింది. లోపల రొయ్య గులాబీ రంగులో, నిటారుగా ఉంది. హెప్సిబా దాన్ని చేత్తో తీసుకోబోతుంటే మౌనిక పుల్లలతో ఆమె చెయ్యి ఆపింది.

"ఆగవే. తిప్పు దాన్ని."

పొట్ట వైపు నాలుగు గాట్లు కనిపించాయి. మూడు తిన్నగా ఉన్నాయి. నాలుగోది తోక వైపు వాలుగా ఉంది. ముగ్గురూ చప్పున ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాలుగో గాటు వాలుగా పెట్టే మనిషి ఆ హాల్లో ఒక్కతే. అలా పెడితే తోక దగ్గర తెగదని మౌనిక వాదన. మొదట్లో ప్రసాదరావు ఒప్పుకోలేదు. ఆమె ట్రేలో ఒక్క రొయ్య కూడా ముడుచుకోదని చూశాక వదిలేశాడు.

"నాదే" అంది మౌనిక.

నీళ్ళ జగ్గుతో వచ్చిన గంగరాజు ఆగాడు. "ఏమ్మా, బాలేదా? మీ వైపు కంపెనీ సరుకేనండీ అది. ఎగుమతికి మిగిలిపోయినవి లోకల్లో అమ్ముతారు కదా, ఫిబ్రవరిలో పెట్టెలు తెచ్చి ఫ్రీజర్లో పెట్టాను. పాడవదమ్మా."

"బాగుందండీ. చాలా బాగుంది." మౌనిక ఆ రొయ్యనే చూస్తోంది. "ఇంకా ఉన్నాయాండీ ఆ పెట్టెలు?"

"ఒక్కటుందనుకుంటానమ్మా. ఈ వారంతో అయిపోద్ది."

ఆయన వెళ్ళాక మౌనిక పుల్లతో ఆ నాలుగో గాటు తడిమింది. చున్నీ కింద ఏదో కదులుతోంది. మిగిలిన బొటనవేలు, కత్తి పట్టుకున్నట్టు, అక్కడ లేని వేళ్ళకి అదుముతోందని నిస్సీకి అర్థమైంది. హెప్సిబా కళ్ళు తుడుచుకుంది. మౌనిక ఆ రొయ్యని ఆమెతో మూడు ముక్కలు చేయించింది. తలా ఒకటి పెట్టింది. తమాషాగా ఉంది కదే, జపానోళ్ళ కంటే ముందు మనకే దక్కింది అంది. అందరూ తిన్నారు. నిస్సీ నీళ్ళతో మింగింది.

"సరే, ఇప్పుడు నేనో సంగతి చెప్తా, మీరు నన్ను తిట్టకూడదు" అంది మౌనిక. పుల్లలు గిన్నె అంచున ఆనించింది. "ఆ అర్జీ గొడవ వదిలేశాను."

"వదిలేశావా? అదేంటే?" అంది హెప్సిబా.

"శుక్రవారం సాయంత్రం ప్రసాదరావు గారు కారేసుకుని మా ఊరొచ్చారు. ఏదో కాగితం మీద నిస్సీ సంతకం కావాలంట. నాకు దెబ్బ లేదని. నిస్సీ పెట్టనంటే పెట్టనంటోందమ్మా, దెబ్బ నేను చూశానని లేబరాఫీసు వాళ్ళకి చెప్తానంటోంది, చెప్తే ముందు దాని ఉద్యోగమే పోతుంది, నీ స్నేహితురాలు కదా, నువ్వే ఆలోచించుకో అన్నారు." మౌనిక నిస్సీ వంక చూసి నవ్వింది. నిస్సీని చూసి అంత నమ్మకంగా ఎవరూ ఎప్పుడూ నవ్వలేదు. "నాకు తెలుసే నువ్వు పెట్టవని. మొండిఘటానివి. కానీ నీ ఉద్యోగం పోతే మీ నాన్నగారి మందులకెలా? నా వేళ్ళు ఎలాగూ తిరిగి రావు. దెబ్బ నేనే దాచాను, నిస్సీ చూళ్ళేదు అని ఆయన రాయిస్తే వేలిముద్ర వేసిచ్చేశాను. పదో తరగతి చదివి వేలిముద్ర వెయ్యాల్సొచ్చిందని మా అమ్మ ఏడ్చింది. పోన్లే అన్నాను. ఇక రేపు నువ్వేం చెప్పక్కర్లేదు, సంతకం గొడవా లేదు. అందుకే ఇవాళ పిలిచా. హాయిగా తిందామని."

మౌనిక చేతి దెబ్బ నిస్సీ చూసిందన్న సంగతి హెప్సిబాకి అప్పుడే తెలిసింది. ఆమె ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "నువ్వు చూశావా నిస్సీ?" అంది మెల్లిగా.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. మౌనికకి ఎప్పటికీ తెలియదు. రేపు ఇద్దరి కాగితాలూ ఒకే మాట చెప్తాయి, లేబరాఫీసు వాళ్ళు టీ తాగి వెళ్ళిపోతారు. మౌనిక తనని జన్మంతా ఆ నవ్వుతోనే చూస్తుంది. ఆ నవ్వుని మోయడం తన వల్ల కాదని నిస్సీకి తెలిసిపోయింది.

"పెట్టేశానే" అంది.

"ఏంటి?"

"సంతకం. శుక్రవారం పొద్దున్నే పెట్టేశాను. ఆయన మీ ఊరొచ్చేసరికే పెట్టేసున్నాను. పెట్టనని నేను అన్లేదు మౌనికా. ఒక్కసారి కూడా అన్లేదు. పెన్నిచ్చారు, పెట్టేశాను."

పక్క బల్ల దగ్గర కుర్రాళ్ళు దేనికో పెద్దగా నవ్వారు. మౌనికకి ఆ మాట ఒక్కసారిగా అర్థం కాలేదు. పెదాలు కదిలాయి. శుక్రవారం పొద్దున, శుక్రవారం సాయంత్రం అని లోపల కూడుకుంటున్నట్టుంది. కూడిక అయ్యాక మొహంలో నవ్వు అలాగే కాసేపు నిలబడిపోయింది. పోవాలని దానికి తెలియనట్టు నిలబడింది. తర్వాత పోయింది.

"రేపు చెప్తాను. ఆయన పంపమన్నారనీ, నేను చూశాననీ చెప్తాను. నా ఉద్యోగం పోతే పోనీ" అంది నిస్సీ.

"ఇంకెలా చెప్తావే?" మౌనిక గొంతులో కోపం లేదు, అదే నిస్సీ భరించలేకపోయింది. "నేను దాచానని నా వేలిముద్ర ఉందిగా."

నిస్సీ చేతులు రెండూ బల్ల మీద ఉన్నాయి, ఎంగిలి గిన్నెల మధ్య, అరచేతులు పైకి తిరిగి. మౌనిక వాటిని చూసింది. వేళ్ళు, వేళ్ళ సందులు, మొదళ్ళు. ఒక్కొక్కటే, తొందర లేకుండా చూసింది. నిస్సీ చేతులు వెనక్కి తీసుకోలేదు. వాటి వంక చూడనూ లేదు. మౌనిక మొహమే చూస్తూ కూర్చుంది.

మౌనిక ఎడం చేత్తో పుల్లలు రెండూ జత చేసి గిన్నె పక్కన పెట్టింది. ఆ చెయ్యి కూడా చున్నీ కిందికి వెళ్ళిపోయింది.

హెప్సిబా అన్నం ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టింది. "ఒక్క ముద్ద తినవే. సగం గిన్నె అలాగే ఉంది" అంది ఏడుస్తూ. మౌనిక తల అడ్డంగా ఊపింది. కడుపు నిండిందంది.

గంగరాజు వచ్చి ఇంకేమన్నా కావాలాండీ అని అడిగాడు. హెప్సిబా వద్దన్నట్టు చెయ్యి ఊపితే గిన్నెలు తియ్యడం మొదలుపెట్టాడు.